బైపాస్ వచ్చాక మిగిలిన పాత హైవే: కేంద్రానికీ కార్పొరేషన్‌కూ మధ్య ఇరుక్కున్న 4 కిలోమీటర్లు

కర్నూలు, అనంతపురం, కడప మూడూ మునిసిపల్ కార్పొరేషన్లే. ఈ కేసు ఆ మూడింటిలో ఒక ఊరిది. ఏ ఊరో చెప్పడం లేదు. మనుషుల పేర్లు, సంవత్సరం, వార్డు నంబర్లు తీసేశాం, కొలతల్ని కొద్దిగా సవరించాం. నిర్ణయాలు ఏ వరుసలో జరిగాయో, ఎందుకు జరిగాయో మాత్రం ఉన్నదున్నట్టు రాస్తున్నాం. మునిసిపల్ ఇంజినీర్లకు, కమిషనర్లకు, కార్పొరేటర్లకు ఇది పనికొస్తుంది. ఇదే చిక్కు ఏదో ఒక రూపంలో ప్రతి ఊళ్లోనూ ఉంది.

నేపథ్యం

ఊరి పాలన ఎవరి చేతిలో ఉండాలన్న గొడవ అనగానే మనకు ఢిల్లీ గుర్తొస్తుంది. 1991లో 69వ రాజ్యాంగ సవరణతో 239ఏఏ అధికరణం వచ్చింది. ఢిల్లీకి శాసనసభను ఇచ్చి, శాంతిభద్రతలు, పోలీసు, భూమి మాత్రం దాని పరిధిలోకి రాకుండా ఉంచారు. మిగతా వాటి మీద తగాదా సుప్రీంకోర్టు దాకా పోయింది. 2018 జులై 4న ఒక రాజ్యాంగ ధర్మాసనం, 2023 మే 11న ఇంకో రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పాయి. అధికారుల బదిలీలు, పోస్టింగులు ఎన్నికైన ప్రభుత్వానివేనని రెండో తీర్పు అన్నాక ఎనిమిది రోజులకే, మే 19న, కేంద్రం ఆర్డినెన్స్ తెచ్చింది. ఆగస్టులో అది చట్టమైంది. అక్కడి నగరపాలికదీ ఇదే దారి. 2012లో మూడు ముక్కలు చేశారు, 2022లో పార్లమెంటు చట్టంతో మళ్లీ ఒకటి చేశారు. ముక్కలు చేసినప్పుడూ కలిపినప్పుడూ కాలువ పూడిక తీసేది ఎవరన్న ప్రశ్న అలాగే ఉండిపోయింది.

మన సీమకు ఇది దూరపు కబురేమీ కాదు. 1953 అక్టోబరు 1 నుంచి 1956 అక్టోబరు 31 దాకా కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని. రాజధాని రావడం, పోవడం రెండూ కర్నూలు మునిసిపాలిటీ చేతిలో లేని నిర్ణయాలే. 2020లో వికేంద్రీకరణ చట్టంతో న్యాయ రాజధాని అన్నారు, 2021 నవంబరులో ఆ చట్టాన్ని వెనక్కి తీసుకున్నారు. 2022 మార్చి 3న అమరావతి మీద హైకోర్టు తీర్పు వచ్చింది. ఇన్నేళ్ల వాదనలో ఏ సంస్థ ఏ ఊళ్లో ఉండాలన్నదే పెద్ద మాటైంది. వచ్చే జనానికి తుంగభద్ర మీది సుంకేసుల బ్యారేజీ నీళ్లు చాలతాయా, పైపులు ఎవరు వేస్తారు, కాలువలు ఎవరు కడతారు అన్నవి వెనకబడ్డాయి. పై ప్రభుత్వాలు పరిధి గురించి పోట్లాడుకున్నప్పుడల్లా నష్టం ఇలాంటి పనులకే. ఈ కేసును ఎంచుకోవడానికి కారణం అదే. ఇందులో రాజధాని లేదు, రాజ్యాంగ ధర్మాసనమూ లేదు. ఉన్నది ఒక రోడ్డు, దాని కింద ఒక నీళ్ల పైపు, పక్కన ఒక మురుగుకాలువ.

ఊరి మధ్యనుంచి పోయే జాతీయ రహదారికి బైపాస్ కట్టారు. లారీలన్నీ అటు మళ్లాయి. ఊళ్లో మిగిలిన పాత రోడ్డు సుమారు 4 కిలోమీటర్లు. బస్టాండు, ఆసుపత్రి, పాత మార్కెట్ అన్నీ దాని మీదే. మామూలుగా అయితే బైపాస్ అయ్యాక పాత ముక్కకు చివరిసారి మరమ్మతులు చేయించి రాష్ట్రానికి అప్పగిస్తారు. అందుకు 1956 నాటి జాతీయ రహదారుల చట్టం 2(3) సెక్షన్ కింద ఆ ముక్కను జాబితా నుంచి తొలగిస్తూ కేంద్రం నోటిఫికేషన్ ఇవ్వాలి. ఇక్కడ ఆ నోటిఫికేషన్ రాలేదు. ఫైలు పైకీ కిందికీ తిరుగుతూ ఉంది. చట్టం ప్రకారం రోడ్డు ఇంకా కేంద్రానిదే. దాన్ని చూసుకోవలసిన ఎన్‌హెచ్ (జాతీయ రహదారుల) డివిజన్ దృష్టి, బడ్జెట్టు మాత్రం బైపాస్ మీదికి పోయాయి.

వచ్చిన సమస్య

అక్టోబరు వానలకు బస్టాండు కూడలిలో మోకాలి లోతు నీళ్లు నిలుస్తున్నాయి. దుకాణాల గడపలు రోడ్డు కంటే కిందికి పడిపోయాయి. అదే కూడలిలో రోడ్డు కింద పోయే తాగునీటి మెయిన్ (పెద్ద పైపు) ఏడాదికి నాలుగైదు సార్లు పగులుతోంది. పగిలిన ప్రతిసారీ రెండు మూడు రోజులు కొన్ని వార్డులకు నీళ్లుండవు. గుంత తవ్వితే హైవే వాళ్ల నోటీసు, తవ్వకపోతే జనం ధర్నా. ఇవి కాక వీధిదీపాల కరెంటు బిల్లు, తోపుడుబండ్లు, డివైడర్‌లో మొక్కలు, స్వాగత తోరణం మీద ఎవరి ఫొటో ఉండాలన్న పేచీ. తోరణం గొడవకు పత్రికల్లో ఎక్కువ చోటు దొరికింది, అసలు సమస్యతో దానికి సంబంధం లేదు.

రెండు పక్షాల వాదనలూ చట్టప్రకారం గట్టివే. జాతీయ రహదారి, దాన్ని ఆనుకున్న భూమి, కల్వర్టులతో సహా కేంద్రానికి దఖలుపడతాయని 1956 చట్టం 4వ సెక్షన్ చెబుతుంది. మంచి స్థితిలో ఉంచే బాధ్యత కేంద్రానిదని 5వ సెక్షన్ చెబుతుంది. రాతపూర్వక అనుమతి లేకుండా హైవే భూమిలో పైపు గానీ కాలువ గానీ వెయ్యకూడదు, కదపకూడదు, రిపేరు కూడా చెయ్యకూడదని 2002 నాటి హైవే భూముల నియంత్రణ చట్టం 38వ సెక్షన్. అటుపక్క 74వ రాజ్యాంగ సవరణ, 243డబ్ల్యూ అధికరణం, 12వ షెడ్యూలు. తాగునీరు, పారిశుధ్యం, రోడ్లు, వంతెనలు మునిసిపాలిటీలకు అప్పగించదగ్గ పనులని ఆ షెడ్యూలులో ఉంది. ‘అప్పగించదగ్గ’ అన్న చోటే ఉంది కిటుకంతా. ఆ పనులు ఎంతవరకు ఇవ్వాలో రాష్ట్ర శాసనసభ ఇష్టం. కాబట్టి కార్పొరేషన్‌కు బాధ్యత కళ్లముందు కనబడుతుంది గానీ, హైవే మీద హక్కు మాత్రం 12వ షెడ్యూలు చూపించినంత మాత్రాన రాదు.

మొదట చేసినవి, అవి ఎందుకు పనిచెయ్యలేదు

ఉత్తరాలతో మొదలైంది. కార్పొరేషన్ ఎస్‌ఈ (సూపరింటెండింగ్ ఇంజినీరు) రాస్తే హైవే ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు) జవాబు రాస్తారు, ప్రతి జవాబులోనూ ‘మీ పరిధి’ అన్న మాటే. ఉత్తరాలు పనిచెయ్యకపోవడానికి కారణం అధికారుల మొండితనం కాదు. ‘అవును, ఈ కల్వర్టు మేం బాగుచేస్తాం’ అని ఈఈ కాగితం మీద పెడితే రేపు ఆడిట్‌లో ఆ ఖర్చు ఏ పద్దు కింద అని అడుగుతారు. ఆయన దగ్గర ఆ పద్దు లేదు. పద్దు లేని అధికారికి కాదనడం ఒక్కటే క్షేమం. ఇది అర్థం చేసుకోకుండా అవతలివాళ్లకు మనసు లేదనుకుంటే తగాదా ముదురుతుంది తప్ప తెగదు.

తర్వాత కౌన్సిల్ తీర్మానం. రోడ్డును కార్పొరేషన్ స్వాధీనం చేసుకుంటున్నట్టు పాలకవర్గం ఏకగ్రీవంగా తీర్మానించింది. పార్టీలకతీతంగా అందరూ చేతులెత్తిన సందర్భం అది, ఊరి మీద వాళ్లకున్న పట్టింపును తక్కువ చెయ్యకూడదు. కానీ కేంద్రానికి దఖలుపడిన రోడ్డును కౌన్సిల్ తీర్మానంతో తీసుకోలేం. కార్పొరేషన్ చట్టంలోనే వీధుల మీద హక్కు చెప్పేచోట ప్రభుత్వానికి దఖలుపడినవి మినహా అని ఉంది. కమిషనర్ అభ్యంతరం రాసి ప్రభుత్వానికి పంపారు, తీర్మానం అక్కడే ఆగింది. ఒకవేళ ఆగకపోయి ఉంటే ఊరికి ఇంకా చేటు. చివరి మరమ్మతులు చేయించుకోకుండా రోడ్డు తీసుకుంటే, తీసుకున్న రోజునుంచే గుంతలన్నీ కార్పొరేషన్ జనరల్ ఫండ్ మీద పడతాయి. చేతికి వచ్చిన అధికారంతోపాటు ఖర్చు కూడా వస్తుందన్న లెక్క ఆ రోజు సభలో ఎవరూ వెయ్యలేదు.

మూడోది కోర్టు. వ్యాపారుల తరఫున హైకోర్టులో పిటిషన్ పడింది. కేంద్రం, రాష్ట్రం, కార్పొరేషన్ వేర్వేరుగా కౌంటర్లు (జవాబు అఫిడవిట్లు) వేశాయి. కోర్టు వల్ల మేలు జరగలేదని అనలేం, మొదటిసారి అందరి కాగితాలూ ఒకచోట చేరాయి. కానీ కౌంటర్ వేసే ముందు దాకా సైటు మీద ఇంజినీర్లు ఒకరితో ఒకరు విప్పి మాట్లాడుకునేవాళ్లు. అఫిడవిట్‌లో ‘కాలువ లెవెల్ తప్పు కార్పొరేషన్‌ది’ అని ప్రమాణం చేశాక హైవే ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) కల్వర్టు దగ్గర నిలబడి ‘మాదీ కొంచెం చూసుకోవాల్సింది ఉంది’ అనలేడు. ఢిల్లీ కేసులో జరిగిందే చిన్న కొలతలో ఇక్కడా జరిగింది. పరిధి మీద తీర్పు కోరితే పరిధి మీద తీర్పే వస్తుంది, అదీ పైవాళ్లు చట్టం మార్చేదాకా. ఇక్కడ అధికారులంతా కలిసి కూర్చుని పరిష్కరించుకోవాలన్న మాటతో పిటిషన్ ముగిసింది.

ఆ లోపల ఒక రాత్రి మెయిన్ మళ్లీ పగిలింది. అనుమతి కోసం ఆగకుండా కార్పొరేషన్ సిబ్బంది జేసీబీతో రోడ్డు కోసి, పైపుకు కాలర్ వేసి, మట్టితో పూడ్చారు. మట్టిని పొరలు పొరలుగా దిమ్మిస చెయ్యలేదు, తారు వెయ్యలేదు. పది రోజుల్లో అక్కడ రోడ్డు కుంగింది. హైవే డివిజన్ 2002 చట్టం కింద నోటీసిచ్చి పోలీసులకు ఫిర్యాదు చేసింది. తెల్లారేసరికి నీళ్లిచ్చిన వర్క్ ఇన్‌స్పెక్టర్ స్టేషన్‌కు పోయి సంజాయిషీ రాయాల్సి వచ్చింది. ఇరుపక్షాల సంబంధాలు అంతకుముందెన్నడూ అంత చెడలేదు.

దారి ఎక్కడ మళ్లింది

ఆ దశలో కలెక్టర్ దగ్గర జరిగిన సమావేశంలో అజెండా మార్చారు. ‘రోడ్డు ఎవరిది’ అన్న ప్రశ్నను పక్కన పెట్టి, ‘కూడలిలో నీళ్లు ఎందుకు నిలుస్తున్నాయి’ అన్నదానికి ఇద్దరూ కలిసి కొలిచి చెప్పాలన్నారు. వినడానికి మామూలు మాటే. కానీ యాజమాన్యం మీద మాట్లాడే అధికారం ఆ గదిలో ఎవరికీ లేదు, అది ఉన్నది ఢిల్లీలో. కొలిచే అధికారం గదిలో ఉన్న ప్రతి ఇంజినీరుకూ ఉంది. ఎదుటి మనిషి తన సంతకంతో చెయ్యగలిగిన పనినే అడగాలన్నది ఈ కేసు మొత్తంలో అన్నిటికన్నా ఎక్కువగా పనిచేసిన ఆలోచన.

జాయింట్ ఇన్‌స్పెక్షన్‌కు ఆటో లెవెల్ (ఎత్తులు కొలిచే పరికరం), స్టాఫ్ (దానితో చదివే కొలకర్ర), టేపు పట్టుకుని రెండు శాఖలవాళ్లూ కలిసి నడిచారు. ప్రతి 20 మీటర్లకూ ఆరు పాయింట్లు తీసుకున్నారు: రోడ్డు మధ్యగీత, రోడ్డు అంచు, కాలువ మూత, కాలువ అడుగు, దుకాణం గడప, అవతలి అంచు. కూడలి దగ్గర కల్వర్టు 900 మిల్లీమీటర్ల హ్యూమ్ (కాంక్రీటు) పైపుది. ఉత్తరం పక్క కాలువలో నీళ్లు దాని గుండా రోడ్డు దాటి వంకలో కలవాలి.

హైవే డ్రాయింగ్‌లో ఆ కల్వర్టు అడుగు లెవెల్ ఉంది. దాన్ని చూసే కార్పొరేషన్ వాళ్లు కాలువ అడుగును అంతకు 4 సెంటీమీటర్లు ఎత్తులో డిజైన్ చేశారు. కాగితం మీద నీళ్లు పారాలి. సైటులో స్టాఫ్ నిలబెట్టి చూస్తే కాలువ అడుగు కల్వర్టు అడుగు కంటే 18 సెంటీమీటర్లు కిందుంది. మొదట ఎవరూ నమ్మలేదు. హైవే ఏఈ తన కిలోమీటరు రాయి మీద స్టాఫ్ పెట్టమన్నాడు. “మీ రాయి మీదే పెట్టినాను సార్, మీరే చదువుకోండి,” అన్నాడు వర్క్ ఇన్‌స్పెక్టర్. అక్కడినుంచి లెవెల్‌ను కార్పొరేషన్ ఓవర్‌హెడ్ ట్యాంకు పునాది మీదున్న గుర్తు దాకా మోసుకుపోతే అసలు సంగతి తేలింది. రెండు శాఖల బెంచ్‌మార్కుల (ఎత్తులు కొలవడానికి ఆధారంగా పెట్టుకున్న గుర్తుల) మధ్య 22 సెంటీమీటర్ల తేడా. ఒకరి లెక్కలో వంద అన్నది ఇంకొకరి లెక్కలో వంద కాదు. రెండు డ్రాయింగులూ తమ తమ లెక్కలో సరైనవే. ఒకరి అంకెను ఇంకొకరు ఎత్తి రాసుకున్నప్పుడు కాలువ గుంతైపోయింది. 18 సెంటీమీటర్ల లోతున నీళ్లు ఎప్పుడూ నిలిచి, పూడిక చేరి, పైపు సగం మూసుకుపోయింది.

రోడ్డు ఎత్తు సంగతీ ఆ రోజే తేలింది. కూడలిలో రోడ్డుకు గుంట తీసి చూస్తే తారు పొరలు ఒకదాని మీద ఒకటి, మొత్తం 35 సెంటీమీటర్ల దాకా. రీ-సర్ఫేసింగ్ చేసిన ప్రతిసారీ పాత పొర గీకకుండా దాని మీదే కొత్తది వేశారు. గడపలు కుంగలేదు, రోడ్డు పెరిగింది. అందుకే వాన నీళ్లు కాలువలోకి పోకుండా దుకాణాల్లోకి పోతున్నాయి.

ఈ రెండు కొలతలూ ఒకే కాగితం మీద, ఇద్దరి సంతకాలతో వచ్చాక మాటతీరే మారిపోయింది. కాలువ తప్పులో కార్పొరేషన్‌కు, రోడ్డు ఎత్తులో హైవే డివిజన్‌కు వాటా ఉందని ఎవరూ ఒప్పుకోనక్కర్లేకుండానే కాగితం చెప్పింది.

పనిచేసిన ఏర్పాటు

రోడ్డును అడ్డంగా కోసినట్టు గీసి పట్టీలుగా విడగొట్టారు: తారు రోడ్డు, డివైడర్, అంచు, కాలువ, ఫుట్‌పాత్, నేల కింది పైపులు, తలపైన దీపాలు. ఒక్కో పట్టీకి నాలుగు గడులు. ఎవరిది, ఎవరు నిర్ణయిస్తారు, ఎవరు ఖర్చు పెడతారు, రోజువారీ ఎవరు చూసుకుంటారు. మొదటి గడిలో ‘కేంద్రం’ అని నింపడానికి కార్పొరేషన్ వైపు ఎవరికీ ఇష్టం లేదు. నింపించడమే మంచిదని చెప్పి ఒప్పించాల్సి వచ్చింది. హక్కు అవతలివాళ్లదని రాసిస్తే మిగతా మూడు గడుల మీద వాళ్లు పట్టు సడలిస్తారు. అలాగే జరిగింది. అడుగున ఒక వాక్యం: ఈ ఏర్పాటు వల్ల ఏ పక్షం చట్టబద్ధమైన హక్కుకూ, నోటిఫికేషన్ ప్రక్రియకూ భంగం లేదు. ఈ వాక్యం లేకుంటే హైవే వైపు లీగల్ వాళ్లు ఫైలును కదలనివ్వరు.

కాగితానికి ఏ పేరు పెట్టాలన్నదీ ఆలోచించాల్సిన విషయమే. ‘ఒప్పందం’ అంటే ఈఈ సంతకం చెయ్యలేరు, అది మంత్రిత్వ శాఖ దాకా పోవాలి. అందుకని దాన్ని రెండుగా విడదీశారు. కొలతలు, పట్టీల వివరం జాయింట్ ఇన్‌స్పెక్షన్ రిపోర్టుగా ఉంటాయి, దానికి డివిజన్ స్థాయి సంతకాలు చాలు. పైపు, కాలువ పనులకు 38వ సెక్షన్ కింద మామూలు నమూనాలోనే అనుమతి దరఖాస్తు పెట్టి, ఈఈ సిఫారసుతో పైకి పంపుతారు. రోజూ వచ్చే నమూనా కాబట్టి పై ఆఫీసులో ఎవరూ కొత్త విధాన నిర్ణయం తీసుకోనక్కర్లేదు.

పైపు విషయంలో పాత 350 మిల్లీమీటర్ల ఏసీ (ఆస్‌బెస్టాస్ సిమెంటు) మెయిన్‌ను వదిలెయ్యాలన్నదే నిర్ణయం. అది వేసినప్పుడు రోడ్డు పక్కన ఉండేది. రోడ్డు వెడల్పు చేశాక చక్రాల కిందికి వచ్చింది. బస్సుల బరువుకు జాయింట్లు కదిలి కారుతాయి, కారిన నీళ్లకు రోడ్డు పునాది నాని గుంత పడుతుంది, గుంతలో చక్రం దెబ్బకు జాయింటు ఇంకా కదులుతుంది. పైపు వల్ల రోడ్డు పోతోందా, రోడ్డు వల్ల పైపు పోతోందా అన్న వాదనలో ఇద్దరూ సరైనవాళ్లే. దాని బదులు రెండు ఫుట్‌పాత్‌ల కిందా చెరొక 250 మిల్లీమీటర్ల డీఐ (డక్టైల్ ఐరన్ అనే ఇనుము) లైను. అడ్డకోత విస్తీర్ణం చూస్తే రెండూ కలిపి పాతదానికి సమానం. కానీ ఘర్షణ లెక్క వేస్తే మోసే నీళ్లు సుమారు ఆరో వంతు తగ్గుతాయి. కొత్త డీఐ పైపు లోపల సిమెంటు పూత నునుపుగా ఉండటం, లీకులు పోవడం ఆ లోటును పూడుస్తాయని లెక్కకట్టాకే ఒప్పుకున్నారు. రెండు లైన్ల ఖర్చు ఎక్కువైనా దీన్నే ఎంచుకోవడానికి అసలు కారణం ఇంటి కనెక్షన్లు. ఒకే లైనుంటే అవతలి పక్క ప్రతి ఇంటి కనెక్షనూ రోడ్డు దాటాలి, ప్రతిదానికీ తవ్వకం, ప్రతి తవ్వకానికీ అనుమతి. రెండు లైన్లుంటే రోడ్డు దాటేది మూడే చోట్ల, అదీ తవ్వకుండా కింద నుంచి తోసిన ఇనుప కేసింగ్‌లో. కేసింగ్ పైభాగం రోడ్డు ఉపరితలానికి కనీసం 1.2 మీటర్లు, కాలువ అడుగుకు కనీసం 0.3 మీటర్లు కింద ఉండాలన్న నిబంధన ఉంది. కొత్త కాలువ లోతు ఖరారు కాకుండా కేసింగ్ లోతు చెప్పలేం కాబట్టి కాలువ డిజైనే ముందు పూర్తిచేశారు.

కూడలి కల్వర్టును 2 మీటర్ల వెడల్పు, 1.2 మీటర్ల ఎత్తు బాక్సుగా మార్చారు. దాని అడుగును ఉమ్మడి బెంచ్‌మార్కు మీద కాలువ అడుగుకంటే 5 సెంటీమీటర్లు కిందికి దించారు. వంక వైపు అంత వాలు దొరుకుతుందో లేదో 300 మీటర్ల దాకా లెవెల్ తీసి చూసుకున్నాకే ఆ అంకె ఖరారైంది. ఆ బెంచ్‌మార్కును ఆసుపత్రి మెట్టు పక్కన కాంక్రీటు దిమ్మెలో ఇత్తడి బొడిపెగా దించారు. ఇకమీద రెండు శాఖల డ్రాయింగుల్లోనూ ఆ ఒక్క లెవెలే వాడాలని రిపోర్టులో రాశారు.

రోడ్డును 35 సెంటీమీటర్లు దించడం ఎవరి తరమూ కాలేదు. కింది పునాది అంతా తీసి వెయ్యాలి. బదులుగా ఇకముందు కొత్త పొర ఎంత మందం వేస్తే పాతది అంత మందం గీకాలన్న షరతు పెట్టారు, ఫుట్‌పాత్ అంచున 10 మీటర్లకు ఒక జాలీ పెట్టి నీళ్లను నేరుగా కాలువలోకి దించారు. గడపల్లోకి నీళ్లు రావడం చాలావరకు తగ్గింది, పూర్తిగా పోలేదు. అందరికంటే కింద ఉన్న నాలుగు దుకాణాలకు పెద్ద వానొస్తే ఇప్పటికీ ఇసక మూటలే గతి.

డబ్బు ఇలా సర్దారు. తాగునీటి లైనుకు 15వ ఆర్థిక సంఘం నిధుల్లో తాగునీరు, పారిశుధ్యాలకు ముడిపెట్టిన 60 శాతం భాగం వాడారు. అదే నిధితో తారు వేస్తే ఆడిట్ అభ్యంతరం వస్తుంది కాబట్టి రోడ్డు పునరుద్ధరణను జనరల్ ఫండ్ నుంచి హైవే డివిజన్‌కు డిపాజిట్‌గా కట్టారు. కోత పూడ్చేదీ తారు వేసేదీ హైవే కాంట్రాక్టరే. రాత్రి తవ్వకం గొడవకు ఇదే అసలు విరుగుడు. కోసిన చోట రోడ్డు కుంగితే ఎవరు కారణమన్న వాదనకు ఇక తావు లేదు. అత్యవసర తవ్వకానికి ముందే కొంత మొత్తం నిలవ డిపాజిట్‌గా ఉంచి, ఫోనులో చెప్పి తవ్వొచ్చని, 24 గంటల్లో కాగితం పంపాలని రాసుకున్నారు.

పూడికతీత తేదీల మీద కొంచెం పట్టుబట్టాల్సి వచ్చింది. మే నెలాఖరున ఒకసారి చాలని మొదట అనుకున్నారు. మన సీమలో పెద్ద వానలు సెప్టెంబరు, అక్టోబరుల్లో పడతాయి. 2009లో కర్నూలును ముంచిన వరద కూడా సెప్టెంబరు ఆఖరు, అక్టోబరు మొదటి రోజుల్లో వచ్చిందే. మేలో తీసిన కాలువ అప్పటికి మళ్లీ నిండిపోతుంది. అందుకని సెప్టెంబరు మొదటి వారంలో రెండోసారి తియ్యాలని, కల్వర్టు లోపల పూడిక కూడా కార్పొరేషన్ పారిశుధ్య సిబ్బందే తియ్యాలని, అందుకు వేరే అనుమతి అక్కర్లేదని తేల్చారు.

ఏర్పాటులో పడ్డ చిల్లులు

తోపుడుబండ్లను అందరూ మరిచిపోయారు. పట్టీల్లో ఫుట్‌పాత్ రోజువారీ నిర్వహణ కార్పొరేషన్‌ది అన్నారు. ఆక్రమణలు తొలగించే అధికారం మాత్రం 2002 చట్టం కింద హైవే పాలకులదే. ఒక సాయంత్రం వాళ్ల సిబ్బంది వచ్చి బండ్లను ట్రాక్టర్‌లో ఎక్కించుకుపోయారు. ఆ బండ్లవాళ్లలో చాలామంది చేతుల్లో కార్పొరేషన్ ఇచ్చిన గుర్తింపు కార్డులున్నాయి. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. రెండు కేంద్ర చట్టాల మధ్య పండ్లబండి నలిగింది. వీధి వ్యాపారుల సంగతి చూసే టౌన్ వెండింగ్ కమిటీ సమావేశానికి హైవే ఏఈని, ట్రాఫిక్ సీఐని పిలిపించి, రోడ్డు అంచు నుంచి మీటరున్నర వదిలి పసుపు గీత కొట్టించారు. గీత లోపలున్న బండి జోలికి నోటీసు లేకుండా ఎవరూ పోరు, గీత దాటిన బండిని ఎవరైనా తీయించొచ్చు. గీత ఎవరు కొట్టాలన్నది కూడా రాసుకోవాల్సి వచ్చింది. కార్పొరేషన్ రంగు, హైవే కొలత. ఇలాంటి ఏర్పాటు చేసేవాళ్లు మనుషుల పట్టీని మొదటి రోజే గీసుకోవాలి. పైపులు ఆగుతాయి, పొద్దున బోణీ చేసుకోవాల్సిన మనిషి ఆగలేడు.

కరెంటు బిల్లు తెగలేదు. డివైడర్ మధ్య హైమాస్ట్ దీపాల మీటర్లు పాత కాంట్రాక్టరు పేరునే ఉన్నాయి. బకాయి ఎవరిదో తేలకుండా పేరు మార్చరు. పేరు మారకుండా కార్పొరేషన్ కట్టదు. దారి ఉందనే మా అభిప్రాయం. పాత బకాయిని వివాదంలో ఉంచి, ఫలానా తేదీ నుంచి రీడింగ్ రాసుకుని కొత్త సర్వీసు తీసుకుంటే సరిపోతుంది. ఆ తేదీన మీటరు దగ్గర మూడు శాఖల సంతకాలు కావాలి.

ఇక నోటిఫికేషన్. రోడ్డును అప్పగించడానికి ఇప్పుడు పైనుంచే తొందర పెడుతున్నారు. కార్పొరేషన్ పెట్టాల్సిన షరతులు జాయింట్ రిపోర్టులోనే ఉన్నాయి. మిగిలిన మూడు చోట్ల కల్వర్టులు మార్చాలి, చివరి మరమ్మతుల్లో గీకి వెయ్యడమే తప్ప పొర పెంచకూడదు, డిపాజిట్ మిగులు తిరిగివ్వాలి, రోడ్డు వెంట అప్పగించే ప్రతి దీపస్తంభం, ప్రతి మ్యాన్‌హోలు లెక్క చైనేజీతో (రోడ్డు మొదలు నుంచి దూరంతో) ఇవ్వాలి. రాష్ట్రానికి అప్పగిస్తే అది ఆర్‌అండ్‌బీ (రోడ్లు, భవనాల శాఖ) దగ్గర ఉంటుందా, కార్పొరేషన్‌కు వస్తుందా అన్నది కూడా ముందే రాయించుకోవాలి. లేకపోతే మొదటి గడిలో ‘కేంద్రం’ కొట్టేసి ‘రాష్ట్రం’ అని రాయడం తప్ప పట్టీలన్నిటి మీదా పంచాయితీ మళ్లీ మొదటికొస్తుంది. రిపోర్టును ఏటా ఏప్రిల్‌లో అప్పుడున్న ఈఈ, కమిషనర్ సంతకాలతో పునరుద్ధరించాలన్న నిబంధన ఇప్పటిదాకా అమలవుతోంది. అధికారుల బదిలీలు ఎక్కువగా మే, జూన్‌లలో జరుగుతాయి గనుక, కొత్తవాళ్లు వచ్చాక వాళ్ల సంతకాలు తీసుకునేలా ఆ నెలను జులైకి మార్చాలని కార్పొరేషన్ ఎస్‌ఈ ప్రతిపాదించారు. అది వచ్చే జాయింట్ ఇన్‌స్పెక్షన్ అజెండాలో ఉంది.